ముందు ఆగే కారు, తర్వాతే అరిచే కారు

ఆదివారం పొద్దున్న జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36లో కాసేపు నిలబడండి. కోట్లు పలికే ఇటాలియన్, జర్మన్ కార్లు వరసగా వెళ్తుంటాయి. ఫుట్‌పాత్ మీద నిలబడి వీడియోలు తీసుకునే కుర్రాళ్లలో చాలామంది ఆ వీడియోతోనే సరిపెట్టుకుంటారు. కొందరు మాత్రం ఇంకో లెక్క వేస్తారు. ‘మనకి పోర్షే ఎలాగూ రాదు. ఉద్యోగం వచ్చాక మొదటి ఏడాది జీతంలో ఎంతోకొంత దాచి, ఓ పాత హోండా సిటీ వీటెక్ పట్టలేమా?’ అని.

లెక్క తప్పేం కాదు. గొడవంతా కారు చేతికొచ్చాక వచ్చే రెండో లెక్కలో ఉంది. పాత కారు కొన్న పాతికేళ్ల ఇంజినీర్ మొదటి ఖర్చు ఎక్కడ పెడతాడు? నేను చూసినంతవరకు సైలెన్సర్ మీద. రెండోది పెద్ద అలాయ్ చక్రాల మీద. మూడోది ఇంజిన్‌కి గాలి బాగా అందిస్తుందని చెప్పే, బయటికి కనబడే కోన్ ఆకారం ఫిల్టర్ మీద. ఇవన్నీ అయ్యాక డబ్బులుండవు. బ్రేక్ ఆయిల్ మాత్రం పాత ఓనర్ పోయించిందే ఉంటుంది, టీ డికాషన్ రంగులో.

ఈ వరసను తలకిందులు చేయాలన్నదే నా వాదన. పైగా తక్కువ ఖర్చుతో అయ్యే అసలైన అప్‌గ్రేడ్లు ఇప్పుడు ఉద్యోగం వెతుక్కుంటున్న మీకు కారు కొనకుండానే పనికొస్తాయి. ఎలాగో చెప్తాను.

ముందు ఏ కార్ల గురించి మాట్లాడుతున్నామో తేల్చుకుందాం. మన దేశంలో పాత స్పోర్ట్స్ కారు అంటే చేతివేళ్ల మీద లెక్కపెట్టాలి. అచ్చంగా రెండు సీట్లతో వచ్చింది గోవాలో తయారైన శాన్ స్టార్మ్: ఫైబర్‌గ్లాస్ బాడీ, రెనో 1149 సీసీ ఇంజిన్. అది రోడ్డు మీద కనబడితే అదృష్టమే. అందుకే మనవాళ్లు స్పోర్ట్స్ కారు అనే బిరుదును ఫ్యామిలీ కార్లకే ఇచ్చుకున్నారు. 2000లో వచ్చిన సిటీ 1.5 వీటెక్, బరువు సుమారు టన్ను, శక్తి 106 హార్స్‌పవర్. దాని వెనకే ఫియట్ పాలియో 1.6 జీటీఎక్స్, 100 హార్స్‌పవర్. ఇంకా వెనక్కి వెళ్తే స్టాండర్డ్ హెరాల్డ్. ఇది 1961 నుంచి మద్రాసులో తయారైంది, 948 సీసీ ఇంజిన్. చూడ్డానికి బుద్ధిమంతుడిలా ఉంటుంది కానీ, ఇంగ్లండ్‌లో దీని అన్న ట్రయంఫ్ హెరాల్డ్ ఛాసిస్ ఆధారంగానే 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే టాప్‌లెస్ స్పోర్ట్స్ కారు పుట్టింది. రెండింటినీ గీసింది ఇటలీకి చెందిన మికెలొట్టే. తెలుగు సినిమా మద్రాసు నుంచి ఫిల్మ్‌నగర్‌కి వచ్చినట్టే, ఇక్కడి పాత బంగళాల్లో కవర్ కప్పుకుని పడుకున్న హెరాల్డ్‌లు కూడా పుట్టింది మద్రాసులోనే.

మంచి అప్‌గ్రేడ్ ఏదో ఇంటర్నెట్‌లో వెతకక్కర్లేదు, ఈ ఏరియా రోడ్లే చెప్తాయి. జూబ్లీహిల్స్ అంటేనే గుట్టలు. ఎక్కుడు, దిగుడు, మలుపు, మళ్లీ సిగ్నల్. ఇక్కడ మిగులు హార్స్‌పవర్ చూపించడానికి చోటు లేదు. కారుకి పరీక్ష పెట్టేది ఫిల్మ్‌నగర్ నుంచి షేక్‌పేట వైపు దిగే వాలు, మే నెల మధ్యాహ్నం చెక్‌పోస్ట్ సిగ్నల్.

వాలు సంగతి చూద్దాం. ఫిజిక్స్ మర్చిపోలేదుగా? వెయ్యి కిలోల కారు వేగం పెరగకుండా 50 మీటర్ల ఎత్తు దిగిందనుకోండి. ఎంజీహెచ్ వేయండి, దాదాపు 490 కిలోజౌళ్లు వస్తుంది. గేరులో ఉన్న ఇంజిన్ పట్టేదీ, గాలి పట్టేదీ పక్కన పెడితే మిగిలినదంతా బ్రేకుల్లో వేడిగా మారాల్సిందే. అదే కారు గంటకు 113 కిలోమీటర్ల వేగంలో ఒక్క బ్రేక్‌తో ఆగినా అంతే వేడి పుడుతుంది. అంటే న్యూట్రల్‌లో వేసుకుని, ‘నేను ముప్పైలోనే కదా వెళ్తున్నా’ అనుకుంటూ బ్రేక్ మీద కాలు పెట్టి దిగే మనిషి, తనకు తెలియకుండానే హైవే మీద సడన్ బ్రేక్ కొట్టినంత పని బ్రేకులకు చెప్తున్నాడన్నమాట.

ఇక్కడే బ్రేక్ ఆయిల్ రంగు కథ మొదలవుతుంది. షాపులో ఆయిల్ అనే అడుగుతాం కానీ, మామూలు కార్లలో వాడేది నూనె కాదు, గ్లైకాల్ ద్రవం. గాలిలోని తేమను పీల్చుకోవడం దాని గుణం. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగుతుంది. డాట్ 4 అయితే కొత్తలో 230, తేమ పట్టాక 155. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవం నొక్కితే కుదించుకుపోదు, ఆవిరి కుదించుకుపోతుంది. పెడల్ నేలకు తగులుతుంది, కారు ఆగదు. మెకానిక్ ‘బ్రేక్ బాగానే ఉంది’ అని సర్టిఫికెట్ ఇచ్చేది షెడ్డు ముందు, చల్లని బ్రేకుతో. ఫెయిలయ్యేది వాలు చివర.

డాట్ 3 ఉన్న కారులో డాట్ 4 పోయొచ్చు, రెండూ ఒకే జాతి. డాట్ 5 మాత్రం సిలికాన్, దాన్ని వీటితో కలపకూడదు. ఖర్చు వందల్లోనే. రెండేళ్లకోసారి మొత్తం మార్చాలి. ఎవరో సగం వాడి మూత వదులుగా పెట్టిన సీసా ఫ్రీగా ఇచ్చినా తీసుకోకండి. పాత ద్రవం తీసేసి గాలి బుడగలు పోయేదాకా కొత్తది పంపే పనికి ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ మీద, ఒకరు చక్రం దగ్గర నిపుల్ మీద. ఏ చక్రంతో మొదలుపెట్టాలో కారుని బట్టి మారుతుంది, మాన్యువల్ చూడండి. మొదటిసారి మాత్రం తెలిసిన మెకానిక్ పక్కన ఉండాలి. బ్రేకుల మీద సొంత ప్రయోగాలు వద్దు.

దీంతోపాటే రబ్బరు బ్రేక్ గొట్టాలు. ఇరవై ఏళ్ల గొట్టం బయటికి బాగానే కనబడుతుంది. లోపల ఉబ్బి, బ్రేక్ వదిలాక కూడా ప్రెషర్ వదలదు, ఒక చక్రం పట్టేసి ఉంటుంది. కొత్త రబ్బరు గొట్టం చాలు. స్టీలు అల్లిక ఉన్న గొట్టాలు పెడల్ కాస్త గట్టిగా అనిపించేలా చేస్తాయి, డబ్బులుంటే వేయించుకోండి, తప్పు లేదు. రంధ్రాలు కొట్టిన డిస్కులు మాత్రం మన వాడకానికి అలంకారమే.

టైర్ల గురించి ఒక్క ముక్క. టైరు పక్కన డాట్ అనే అక్షరాల వరసకి చివర నాలుగు అంకెలుంటాయి. 2314 అంటే 2014లో 23వ వారం తయారైందని. గీతలు ఎంత లోతుగా ఉన్నా పదేళ్లు దాటిన టైరు దండగే. రబ్బరు గట్టిపడిపోతుంది, మొదటి వానకే తెలుస్తుంది. పెద్ద అలాయ్‌ల మీద పెట్టే డబ్బుతో కంపెనీ చెప్పిన సైజులోనే నాలుగు మంచి టైర్లు వస్తాయి. హెరాల్డ్ లాంటి కారుకైతే గాలి ప్రెషర్ కూడా అప్‌గ్రేడే, పైసా ఖర్చు లేదు. దాని వెనక చక్రాలు స్వింగ్ యాక్సిల్ మీద ఉంటాయి. మలుపు మధ్యలో ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలేస్తే వెనక చక్రం లోపలికి మడుచుకుని తోక విసురుతుంది. ముందుకొకటి, వెనక్కొకటి మాన్యువల్‌లో రాసిన ప్రెషర్ ఊరికే రాసింది కాదు.

ఇక చెక్‌పోస్ట్ సిగ్నల్. హెరాల్డ్ లాంటి పాత కార్లలో ఫ్యాన్ ఇంజిన్‌తోపాటే తిరుగుతుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ నెమ్మదిస్తే ఫ్యానూ నెమ్మదిస్తుంది, సరిగ్గా గాలి బాగా కావాల్సిన టైముకి. దీనికి అందరూ ఎలక్ట్రిక్ ఫ్యాన్ అంటారు. మంచిదే. అంతకంటే ముందు రేడియేటర్‌కీ ఫ్యాన్‌కీ మధ్య ఉండాల్సిన గూడు లాంటి కవర్, ష్రౌడ్ అంటారు, అది ఉందో లేదో చూడండి. పాత కార్లలో ఎప్పుడో ఎవరో విప్పి పారేసి ఉంటారు. అది లేకపోతే ఫ్యాన్ రేడియేటర్ గుండా గాలి లాగదు, పక్కల నుంచి వచ్చిన గాలినే గిర్రున తిప్పుతుంది. ఓ రేకు ముక్కతో చేయించొచ్చు. రేడియేటర్ క్యాప్ స్ప్రింగ్ సడలితే లోపల ప్రెషర్ నిలవదు, ప్రెషర్ లేకపోతే నీళ్లు తొందరగా మరుగుతాయి. కొత్త క్యాప్, కొత్త థర్మోస్టాట్, రేడియేటర్ కడిగించి సగం కూలెంట్ సగం డిస్టిల్డ్ వాటర్. వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకి పారేసే అలవాటు మన షెడ్లలో ఇంకా ఉంది. అలా చేస్తే ఇంజిన్‌కి సరైన వేడి రాదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అసలు జబ్బు అలాగే ఉంటుంది.

పెట్రోలు అంటే గుర్తొచ్చింది. పాత కారు ఉన్నవాళ్లకు అన్నిటికంటే అర్జెంటైన అప్‌గ్రేడ్ ఇదేనని నా అభిప్రాయం, దీని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ. ఇప్పుడు బంకులో పోసేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్. 2000 నాటి సిటీకి గానీ 1960ల నాటి హెరాల్డ్‌కి గానీ ఈ ఇంధనం సంగతి తెలియదు. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బిస్తుంది, మెత్తబరుస్తుంది, తర్వాత అది పగులుతుంది. తేమనీ పీలుస్తుంది, నెలల తరబడి కదలని కారు ట్యాంకులో తుప్పు మొదలవుతుంది. వేడి ఇంజిన్ మీద నుంచి పోయే గొట్టం పగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. షాపులో ‘ఫ్యూయల్ పైపు ఇవ్వన్నా’ అంటే ఏదో ఒకటి కోసి ఇస్తారు. గొట్టం మీద ఎస్‌ఏఈ జె30 ఆర్9 అని ముద్ర ఉన్నది అడగండి. మీటరు రేటు ఎక్కువే, కానీ కారు మొత్తానికి పట్టేది కొద్ది మీటర్లు. ఫిల్టర్, క్లిప్పులు కూడా అప్పుడే మార్చేయండి. కార్బురేటర్ ఉన్న కారైతే ఇథనాల్ వల్ల మిశ్రమంలో గాలి పాలు పెరుగుతుంది, జెట్టు కొంచెం పెద్దది వేయాల్సి రావచ్చు.

వెలుతురు సంగతి త్వరగా ముగిస్తాను, కానీ ఒక్క మల్టీమీటర్ ఉంటే చాలు, చేసి చూడాల్సిన పని ఇది. హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజ్‌తో మామూలు నిష్పత్తిలో తగ్గదు, సుమారు 3.4వ ఘాతంతో తగ్గుతుంది. బల్బు దగ్గర 13.5 వోల్టులు రావాల్సింది 12 వస్తే దాదాపు మూడో వంతు వెలుగు పోయినట్టే. పాత కార్లలో హెడ్‌లైట్ కరెంటంతా డ్యాష్‌బోర్డు స్విచ్ దాకా వెళ్లి తిరిగొస్తుంది, దారిలో కారిపోతుంది. రెండు రిలేలు, కొత్త వైరు, ఒక ఫ్యూజు వేసి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇస్తే అదే బల్బు మళ్లీ వెలుగుతుంది. ఎదుటివాడి కళ్లు పోగొట్టే చవక ఎల్‌ఈడీ బల్బుల అవసరమే రాదు.

ఫిల్మ్‌నగర్‌కి ఈ గోలంతా ఎందుకంటారా? పీరియడ్ సినిమా తీయాలంటే పాత కార్లు కావాలి. ‘మహానటి’ (2018) లాంటి సినిమాలో కారు కూడా కాలాన్ని చెప్పే పాత్రే. సెట్‌లో కారు పని ఏంటో ఊహించండి. స్టార్టవ్వాలి, పది అడుగులు కదలాలి, గీత దగ్గర ఆగాలి. టేక్ ఓకే కాకపోతే మళ్లీ మొదటి నుంచి. మూడు వందల మంది యూనిట్ ఎదురుచూస్తుండగా పాయింట్లు కాలిపోయి కారు మొరాయిస్తే నష్టం కారుది కాదు, రోజుది. బయటికి మాత్రం ఏ మార్పూ కనబడకూడదు. అందుకే డిస్ట్రిబ్యూటర్ మూత కింద కాంటాక్ట్ పాయింట్ల చోట పెట్టే చిన్న ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ముక్క ఇలాంటి కార్లకు మంచి పెట్టుబడి. మూత పెట్టేస్తే లోపల ఏముందో కెమెరాకి తెలియదు. వద్దనుకుంటే పావుగంటలో పాత పాయింట్లు తిరిగి పెట్టొచ్చు.

తిరిగి పెట్టగలగడం అన్నది చిన్న విషయం కాదు, చట్టం కూడా దాన్నే చూస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో ఇదే తేల్చి చెప్పింది. 2019 సవరణ తర్వాత ఓనర్ అలాంటి మార్పు చేయిస్తే ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ. శబ్దం హద్దు దాటిన సైలెన్సర్‌కి 190వ సెక్షన్ కింద మొదటిసారే 10,000 దాకా పడొచ్చు. 50 ఏళ్లు దాటిన కారుని 2021 నిబంధనల కింద వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు, నంబర్ ప్లేట్ మీద ‘వీఏ’ అని ప్రత్యేక గుర్తు వస్తుంది. కాకపోతే ఛాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలో ఉండాలన్నది షరతు. ఇంకో లెక్క: 20 ఏళ్లు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజుని 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేశారు. కారు చవగ్గా వస్తోందని ఎగిరి గంతేసే ముందు ఆర్‌సీ మీద తేదీ చూసుకోండి.

నిజం చెప్పాలంటే, ఉద్యోగం లేకుండా ఈ కారు కొనకండి. ఈఎంఐ పెట్టి అసలు కొనకండి. కానీ జూబ్లీహిల్స్‌లో పాత కారు ఉండి దాన్ని చూసుకునే ఓపిక లేని ఓనర్లు ఉన్నారు. యూసఫ్‌గూడ, కృష్ణానగర్ వైపు షెడ్లలో ముప్పై ఏళ్ల అనుభవం ఉండి ఒక్క కొలతా కాగితం మీద పెట్టని మెకానిక్‌లు ఉన్నారు. వాళ్ల చెవికి తెలిసింది మీ మల్టీమీటర్‌కి తెలియదు, మీరు రాయగలిగింది వాళ్లు రాయరు. ‘అన్నా, శనివారాలు వస్తా, జీతం వద్దు, పని నేర్పు’ అంటే అందరూ ఒప్పుకోరు, ఎవరో ఒకరు ఒప్పుకుంటారు. మొదటి నెల స్పానర్లు అందించడమే ఉంటుంది, అలగకండి.

కాలేజీలో బాహా, సుప్రా ఎస్‌ఏఈ పోటీల టీముల్లో సీటు అందరికీ దొరకదు. ఎలక్ట్రికల్ వాళ్లకు, కంప్యూటర్స్ వాళ్లకు అసలు పిలుపే రాదు. కానీ ఇదే ఊళ్లో హ్యుందాయ్ ఇంజినీరింగ్ సెంటర్ ఉంది, జెడ్‌ఎఫ్ టెక్నాలజీ సెంటర్ ఉంది, కార్ల సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే కంపెనీలు ఇంకా ఉన్నాయి. బ్రేక్ కంట్రోల్ కోడ్ రాసే ఉద్యోగానికి వెళ్లిన మనిషి, పెడల్ కింద ఆవిరి బుడగ ఎలా ఉంటుందో కాలికి తెలిసిన మనిషి అయితే మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది. ‘ఆటోమొబైల్స్ అంటే ప్యాషన్’ అన్న లైన్ రెజ్యూమేల్లో వేలల్లో ఉంది, దాన్ని తీసేయండి.

దాని బదులు ఒక చవక నోట్‌బుక్ కొనండి. పని మొదలుపెట్టే ముందు ఒక కొలత, అయ్యాక అదే పరిస్థితిలో ఇంకో కొలత. బల్బు దగ్గర వోల్టేజ్, ఇంజిన్ ఆన్‌లో ఉండగా. సిగ్నల్ దగ్గర పది నిమిషాలు నిలబెట్టినట్టు ఐడిల్‌లో ఉంచి రేడియేటర్ పై గొట్టం మీద ఉష్ణోగ్రత, ఆ రోజు బయటి ఎండ ఎంతో కూడా పక్కన రాసి. నాలుగు చక్రాల దగ్గరా డ్రమ్ము లేదా డిస్కు వేడి, వాలు దిగిన వెంటనే. ఒక చక్రం మిగతా మూడింటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ గొట్టమో క్యాలిపరో పట్టేసింది. దూరం నుంచే వేడి చూపించే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ ఆ సైలెన్సర్ ఖర్చులో చిన్న ముక్కకే వస్తుంది. మెరిసే లోహం మీద అది తప్పు చూపిస్తుంది, కొలిచేచోట నల్ల టేపు ముక్క అంటించండి. విప్పిన పాత పార్టులన్నీ చీటీ కట్టి అట్టపెట్టెలో వేసి ఓనర్‌కి ఇచ్చేయండి. ఎప్పుడైనా ఆర్టీవో ఇన్‌స్పెక్షన్‌కి గానీ, సినిమావాళ్లు క్లోజప్ అడిగితే గానీ ఆ పెట్టె కోసం మీకే ఫోనొస్తుంది.